కాణిపాకం ఒట్టు, వెనక సీటు సాక్ష్యం

"కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు మేడం. సింగిల్ ఓనరు. డాక్టరు గారి బండి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి. అంతకుమించి తిరగలేదు."

మా చిత్తూరు, తిరుపతి వైపు ఈ ఒట్టుకు చాలా బరువుంది. కాణిపాకంలో తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఆ స్వామి వదలడని వింటూ పెరిగినవాళ్ళం. అప్పు తగాదాలు, దొంగతనం నిందలు అక్కడికి పోయి తేల్చుకున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. అందుకే ఆ సెకండ్‌హ్యాండ్ కార్ల షెడ్డులో ఆ మాట వినగానే సగం మెత్తబడ్డాను. మా తమ్ముడైతే పూర్తిగా మెత్తబడి, అడ్వాన్సు ఎంతివ్వాలని అడగడం కూడా మొదలుపెట్టాడు.

మేం వెంట తీసుకెళ్ళిన మెకానిక్ అన్న మాత్రం ఏమీ మాట్లాడలేదు. బానెట్ ఎత్తుతాడనుకుంటే వెనక డోరు తీసి వెనక సీట్లో కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలాడు. సీటు అంచు చేత్తో నొక్కాడు. తర్వాత తళతళలాడే కొత్త సీటు కవరు కొక్కెం ఊడదీసి, తలవాల్చే దిండు దగ్గర కవరును కాస్త పైకి లాగాడు. లోపల కంపెనీవాళ్ళ అసలు గుడ్డ మీద పసుపుపచ్చగా, అరచేయంత మరక. పక్క దిండు మీద ఇంకొకటి.

"ఏందన్నా అది?"

"గంధం టీచరమ్మా. గుండు చేయించుకొని గంధం పూసుకున్న తల ఆనించినారు. ఒకరిద్దరు కాదు, శానామంది. డాక్టరు గారు కొండకు తీస్కపోయి వైద్యం చేసినట్టుండాడు."

షెడ్డు ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. నేను అడ్వాన్సు కోసం తెచ్చిన డబ్బు బ్యాగు జిప్పు వేసేసుకున్నాను.

*

అసలు కారు ఎందుకంటే, నేను పాకాల మండలంలో ఒక పల్లె బడిలో టీచరుగా పని చేస్తున్నాను. ఉండేది తిరుపతి ఎం.ఆర్.పల్లెలో. రానూపోనూ 80 కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ బస్సు, షేర్ ఆటో, ఎవరో ఒకరి బండి వెనక సీటు. మా బడికే వచ్చే ఇద్దరు టీచర్లు నువ్వు కారు కొంటే పెట్రోలు ఖర్చు పంచుకుంటామన్నారు. పైగా మా నాయనకు మోకాళ్ళ నొప్పులు. ఆసుపత్రికి పోవాలంటే ఆటోలో వంగి కూర్చోలేడు, బస్సు మెట్లు ఎక్కలేడు. కొత్తది కొనే శక్తి లేదు. 4.5 లక్షలు దాటకూడదని గీత గీసుకున్నాం.

వేసవి సెలవులు మొదలైన రోజే నోటుబుక్కులో లెక్కలు రాసుకున్నాను. ఏడాదికి 220 పనిదినాలు, 17,600 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110కి అటూ ఇటూ, 18 మైలేజీ అనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయల పైన. డీజిల్ 97, మైలేజీ 22 అనుకుంటే 4 రూపాయల 40 పైసలు. ఏడాదికి దాదాపు 30 వేలు మిగులుతుంది! ఆ లెక్క చూసుకునే డీజిల్ కారు చూద్దామని ఆ షెడ్డుకు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు లెక్క చూపిస్తే మెకానిక్ అన్న నవ్వాడు. ఈయన మా నాయన టీవీఎస్ నడిపిన కాలం నుంచి మాకు తెలుసు. కారు ఒకటికి 500 తీసుకుంటాడు, కొన్నా కొనకపోయినా. "పాత డీజిల్ బండికి ఇంజెక్టర్లో, టర్బోనో పోయిందనుకో, ఆ 30 వేలు ఒక్క దెబ్బకే పోతాది. మారుతి వాళ్ళే 2020లో డీజిల్ ఆపేసినారు గదా. ఇప్పుడు నీకు దొరికే చిన్న డీజిల్ బండ్లు ఎక్కువగా అంతకు ముందువే. అదీగాక మన ఊళ్ళో డీజిల్ కారంటే ముందు అది ట్యాక్సీగా తిరిగిందేమో చూసుకోవాల."

ఇది తిరుపతిలో కారు కొనేవాళ్ళంతా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ఇక్కడ యాత్రికులను తిప్పే బండ్లు పగలూ రాత్రీ తిరుగుతాయి. చెన్నై ఎయిర్‌పోర్టు, శ్రీకాళహస్తి, కాణిపాకం, మళ్ళీ కొండ. మూడు నాలుగేళ్ళకే లక్షల కిలోమీటర్లు. తర్వాత పర్మిట్ వదిలేసి ఓన్ బోర్డుకు, అంటే సొంత వాడకానికి మార్చి, మీటరు వెనక్కి తిప్పి అమ్ముతారు. అలా మార్చడం తప్పేమీ కాదు, చట్టప్రకారం చేసుకోవచ్చు. చెప్పకుండా అమ్మడమే తప్పు. ఇంటివాళ్ళు నడిపిన కారులో డ్రైవరు సీటు ఎక్కువ అరుగుతుంది, వెనక సీటు దాదాపు కొత్తగా ఉంటుంది. ట్రావెల్స్ బండిలో ముందూ వెనకా రెండూ అరుగుతాయి. డ్రైవరు సీటు మార్చేస్తారు, వెనక సీటు స్పాంజి గురించి ఎవరూ పట్టించుకోరు. డిక్కీ అంచున సూట్‌కేసులు ఈడ్చిన గీతలు, వెనక డోరు లోపలి పిడి దగ్గర నున్నగా అరిగిన రంగు, టాపు మీద క్యారియర్ బిగించిన చోట సిలికాన్ పూసి మూసిన రంధ్రాలు... అన్నీ ఆ 'డాక్టరు గారి' బండికి ఉన్నాయి. కానీ గంధం మరక చూశాక మిగతావి చూడనక్కర లేకపోయింది.

*

రెండోది తమిళనాడు నంబరు బండి. ఇది మా తమ్ముడు వెతికి పట్టుకున్నది. ఇక్కడి రేటు కంటే 80 వేలు తక్కువ. లోపల సీట్లు మెరుస్తున్నాయి, కార్పెట్ కొత్తది, డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా. డోరు తీయగానే ఆ వాసన గుప్పుమంది.

"ఇంత సెంటు ఎందుకు కొట్టినారో చూద్దాం" అంటూ మెకానిక్ అన్న ముందు సీటు బెల్టును పట్టి లాగాడు. మనం మామూలుగా బెల్టు పెట్టుకుంటే సగం కూడా బయటికి రాదు. ఆయన చివరికంటా లాగాడు. ఆఖరి మూరెడు దగ్గర నల్ల బెల్టు మీద అడ్డంగా మట్టిరంగు గీత. అక్కడి నుంచి కిందంతా గట్టిగా, గంజి పెట్టిన గుడ్డలా ఉంది. నా వేలితో గీకితే సన్నటి ఒండ్రు గోటి కింద చేరింది.

సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, ఇంజను పాలిష్ చేస్తారు. చుట్టుకొని లోపల ఉండే బెల్టును మాత్రం ఎవరూ లాగి చూడరు. ఆ తర్వాత సీటు కింది బోల్టులు చూపించాడు, తుప్పు. ఫ్యూజు పెట్టె మూత తీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. చెన్నైకి 2015 డిసెంబరులో వరద వచ్చింది, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు మళ్ళీ మునిగింది. ఈ బండి ఎప్పుడు మునిగిందో, ఎక్కడ మునిగిందో అడగలేదు. చెన్నై వాళ్ళను ఏమనడానికీ లేదు. 2021 నవంబరు వానలకు మన తిరుపతి వీధుల్లోనూ బండ్లు నీళ్ళలో నానాయి. కాబట్టి నంబరు ఏ రాష్ట్రానిదైనా బెల్టు లాగి చూడాల్సిందే.

బండి బాగున్నా పక్క రాష్ట్రం కారుకు ఇంకో లెక్క ఉంది. అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28 మీద, అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు వేయించుకోవాలి. 12 నెలలు దాటి ఇక్కడే తిప్పుకుంటే నంబరు మార్చక తప్పదు. ఆ ట్యాక్సూ, తిరుగుళ్ళూ, మధ్యవర్తి ఖర్చూ కలిపితే 80 వేల తేడాలో పెద్దగా మిగిలేది లేదు. సరిహద్దులో ఉన్నాం కాబట్టి తమిళనాడు, కర్ణాటక బండ్లు మన కళ్ళకు చవగ్గా కనిపిస్తాయి. ఈ లెక్క వేశాక ఎంత చవకో చూసుకోవాలి.

మూడోది గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మీటరు 38,000. స్టీరింగు చూస్తే తోలు నున్నగా మెరుస్తోంది, క్లచ్ పెడల్ రబ్బరు ఒకవైపు గీతలు అరిగి చదునైపోయింది. 38 వేలకే అంత అరుగుతుందా? కంపెనీ సర్వీసు రికార్డు అడిగితే "బయట చేయించినాం" అన్నారు. ఇన్సూరెన్సు కాగితం మాత్రం చూపించారు. అందులో ఒక చిన్న గడి చూడమని మెకానిక్ అన్న ముందే చెప్పి ఉన్నాడు. నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఏడాది పొడుగునా క్లెయిమ్ తీసుకోకపోతే అది 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతూ పోతుంది. ఈ మధ్య చేతులు మారని ఐదేళ్ళ బండికి సున్నా ఉందంటే పోయిన ఏడాదిలో క్లెయిమ్ తీసుకున్నారని, లేదా ఇన్సూరెన్సు అయిపోయాక 90 రోజులు దాటినా కట్టకుండా వదిలేశారని అర్థం. ఈ కాగితంలో సున్నా. "చిన్న గీత పడిందమ్మా, అంతే" అన్నారు. బానెట్ ఎత్తి ముందు చక్రం పైన రేకు చూస్తే ఒకవైపు కంపెనీ వెల్డింగు చుక్కలు వరుసగా ఉన్నాయి, రెండోవైపు టింకరింగ్ సుత్తి దెబ్బలు. పేపర్లు దిద్దే అలవాటు వల్లనేమో, ఎడమా కుడీ పోల్చి చూడటం నాకు బాగా వచ్చేసింది. రెండు వైపులా ఒకేలా లేకపోతే ఎవరో తర్వాత దిద్దినట్టే.

ఈ తిరుగుళ్ళలో నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. ప్రతిచోటా మాటలన్నీ మా తమ్ముడితోనే. "సార్, పికప్ చూడండి సార్." కొనేది నేను, నడిపేది నేను, డబ్బు నాది. వాడికి లైసెన్సు కూడా లేదు. మొదట్లో మధ్యలో దూరి చెప్పేదాన్ని. తర్వాత మానేశాను. వాళ్ళు వాడితో మాట్లాడుతున్నంతసేపూ నేను తాపీగా డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు లాగి చూసుకోవచ్చు, కింద ఆయిలు మరకలు వెతుక్కోవచ్చు. ఒక రకంగా అదే లాభమైంది.

*

నాలుగోది మా బడి హెడ్మాస్టరు ద్వారా తెలిసింది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక రిటైరైన పెద్దాయన, బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చారు. 2019 నవంబరు వ్యాగన్ఆర్, పెట్రోలు, 41,000 తిరిగింది, 4,40,000 చెబుతున్నారు. పిల్లలు బెంగళూరులో ఉన్నారు, కళ్ళకు ఆపరేషను అయ్యాక నడపడం మానేశారు.

2019 అనగానే ఒక విషయం కలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), జులై నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. అంతకుముందు చవక మోడళ్ళలో రెండూ లేని బండ్లు చాలా ఉన్నాయి. తయారైన నెల ఆర్‌సీలోనే ఉంటుంది, చూసుకోవాలి. నంబరు ఏపీ 39. ఒకప్పుడు ఏపీ 03 అంటే మన జిల్లా, 26 అంటే నెల్లూరు అని చూడగానే చెప్పేవాళ్ళం. 2019 నుంచి రాష్ట్రమంతా 39 అయ్యాక బండి ఎక్కడిదో నంబరు చెప్పదు. ఆర్‌సీ వివరాల్లో ఏ ఆఫీసులో రిజిస్టరైందో చూస్తే చిత్తూరు అనే ఉంది.

ముందు రోజు ఫోన్ చేసి, "సార్, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండీ" అని చెప్పాను. మొదటి షెడ్డులో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి. అక్కడ బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేం రాకముందే నడిపి వేడి చేసి పెట్టారన్నమాట. రాత్రంతా చల్లబడిన ఇంజనే నిజం చెబుతుంది. మొదటి బస్సుకు బయల్దేరి పొద్దున్నే గ్రీమ్స్‌పేటలో దిగేసరికి కారు ఇంటిముందే ఉంది. బానెట్ చల్లగా ఉంది.

అన్న ఆయిలు మూత విప్పి లోపలివైపు నాకు చూపించాడు. నల్లగా, జిడ్డుగా ఉంది. అలాగే ఉండాలట. తెల్లగా మీగడలా కట్టి ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయని అనుమానించాలి, హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. నన్ను స్టార్ట్ చేయమని ఆయన వెనక సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని, నల్ల పొగ వస్తే పెట్రోలు సరిగా మండడం లేదని, తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనును చల్లబరిచే కూలెంటు లోపలికి పోతోందని. ఒక్క తిప్పుకు అందుకుంది. మొదట కాసేపు సన్నగా ఆవిరి వచ్చి ఆగిపోయింది. బెల్టు లాగాను, కొత్తదానిలా వచ్చింది. వెనక సీట్లో కూర్చున్నాను. ఎవరూ కూర్చోని సీటని తెలిసిపోయింది. నో క్లెయిమ్ బోనస్ 50 శాతం.

టైర్లు చూడటం నా పని. ప్రతి టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ముందువి రెండూ 2023వి, వెనకవి రెండూ కారుతో వచ్చినవి. "వెనకవి మార్చుకోవాల్నమ్మా, రబ్బరు గట్టిపడింది" అన్నాడు అన్న. ఆ లెక్క బేరంలో పనికొస్తుందని రాసుకున్నాను. స్టెప్నీ, అంటే అదనపు టైరు, చూద్దామని డిక్కీ తీస్తే నిండా కొబ్బరికాయల బస్తా, ఏవో పాత పుస్తకాల కట్టలు. అవన్నీ దింపమనడానికి మొహమాటపడ్డాను. ఆ పెద్దావిడ అప్పటికే మా ముగ్గురికీ ఇడ్లీలు పెట్టేసింది మరి.

*

టెస్ట్ డ్రైవ్ అంటే మామూలుగా వీధి చివరిదాకా పోయి రావడమే. నాకు ఘాట్ రోడ్డులో నడిపి చూడాలని ఉంది. అడగడానికి మొహమాటపడుతుంటే పెద్దాయనే అన్నారు, "మేమూ కొండకు పోవాల్నని అనుకుంటా ఉండాం. వచ్చే బుధవారం కారు తెస్తా, నువ్వే నడుపు. మాకు దర్శనం, నీకు పరీక్ష."

బుధవారం నలుగురం బయల్దేరాం. నేను, తమ్ముడు, పెద్దాయన, పెద్దావిడ. నలుగురు మనుషులు, ఏసీ, ఎత్తు. ఇంతకంటే మంచి పరీక్ష తిరుపతిలో ఇంకేముంటుంది? అలిపిరి దగ్గర అందరూ దిగాలి, సామాన్లు స్కానింగుకు పోవాలి. సెక్యూరిటీ గార్డు బానెట్ తీయించాడు, డిక్కీ తీయించాడు. డిక్కీ ఆ రోజు ఖాళీ. మ్యాట్ ఎత్తి స్టెప్నీ మీద రెండుసార్లు తట్టి, మూసేసి పొమ్మన్నాడు. నేను పక్కనే నిలబడి సెల్‌లో టైము చూసుకుంటున్నాను.

టైము ఎందుకంటే, పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు రాకూడదు. స్పీడుకు కళ్ళెం వేయడానికి పెట్టిన నియమం అది. పాత బండిని పరీక్షించడానికి కూడా బాగా పనికొస్తుంది, ఎందుకంటే తీరిగ్గా వినొచ్చు. ఎక్కేది రెండో ఘాట్. మలుపుల్లో సెకండ్ గేరుకు దిగి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను అరిచి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. అరుపుతో పాటే కదిలింది. మూడొంతులు ఎక్కాక ఏసీ గాలి కాస్త తగ్గినట్టనిపించి టెన్షన్ పడ్డాను. తమ్ముడు బటన్ తగ్గించాడని తర్వాత తేలింది. వేడి లైటు వెలగలేదు. కుడివైపు తిప్పినప్పుడు మాత్రం ముందు చక్రం దగ్గర టక్ టక్‌మని చిన్న చప్పుడు. దాన్ని బుర్రలో రాసుకున్నాను.

దిగేది మొదటి ఘాట్, 1944 నాటి దారి. ఇక్కడ బ్రేకులు చూడాలి. చేయి తేలిక చేసి పట్టుకుంటే బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు ఒక పక్కకు లాగుతుందా, పాదం కింద పెడల్ వణుకుతుందా? లేదు. కింద దిగి చక్రాల దగ్గర ముక్కు పెట్టి చూశాను, మాడిన వాసన లేదు. మా పక్కన ఆగిన టెంపో నుంచి మాత్రం ఘాటుగా వస్తోంది.

సాయంత్రం ఎం.ఆర్.పల్లెలో ఇంటిముందు ఆపి నాయనను పిలిచాను. వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, దిగాడు, మళ్ళీ కూర్చున్నాడు. వ్యాగన్ఆర్ సీటు కుర్చీ ఎత్తులో ఉంటుంది, కిందికి కూలబడక్కర్లేదు. మొదట చూసిన డీజిల్ బండిలోంచి ఆయన లేవడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. "ఇది బాగుండాది" అన్నాడు. నా నోటుబుక్కులో రెండు పేజీల మార్కులుంటే, ఆ ఒక్కమాటతో తమ్ముడు బేరానికి సిద్ధమైపోయాడు.

ఆ టక్ టక్ గురించి అన్నను అడిగితే చూసి, స్టీరింగు లింకు అరిగిందన్నాడు. అదీ, వెనక టైర్లూ కలిపి లెక్క కట్టి 4,15,000కు ఒప్పుకున్నాం.

*

కాగితాల పని మాత్రం అనుకున్నంత సులువుగా కాలేదు. ఆన్‌లైన్‌లో ఆర్‌సీ వివరాలు చూస్తే లోన్ ఇంకా ఉన్నట్టే ఉంది. పెద్దాయన లోన్ 2023లోనే తీర్చేశారు, కానీ ఆర్‌సీ మీద నుంచి బ్యాంకు పేరు తీయించలేదు. బ్యాంకు ఉద్యోగి అయి ఉండి! ఆయనే నవ్వుకున్నారు. లోన్ తీరితే చాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, దాంతో ఫారం 35 పెట్టి అది తీయించేదాకా బండి మన పేరు మీదికి రాదు. దానికి పది రోజులు పట్టింది. తర్వాత పేరు మార్పుకు ఫారం 29, 30. చలానాలు చూస్తే స్పీడుకు ఒకటి, పార్కింగుకు ఒకటి ఉన్నాయి, ఆయనే కట్టేశారు. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ దాటిపోయింది, అది నేనే చేయించుకున్నాను. ఫాస్టాగ్ ఆయన ఖాతాలోది. దాన్ని మూయించి కొత్తది తీసుకున్నాం, లేకపోతే నేను ఎస్వీపురం టోల్‌గేటు దాటిన ప్రతిసారీ డబ్బులు ఆయన ఖాతాలోంచి పోతాయి.

ఇన్సూరెన్సు దగ్గర చాలామంది మోసపోతారు. బండితో పాటు 50 శాతం బోనస్ కూడా వస్తుందని అనుకుంటారు. రాదు. అది మనిషిది, బండిది కాదు. పెద్దాయన ఇంకో కారు కొంటే ఆయనకు పనికొస్తుంది. నేను 14 రోజుల్లోగా పాలసీ నా పేరుకు మార్చమని అర్జీ పెట్టి, ఆ బోనస్ తేడా కట్టాను. ఈ ఖర్చు నా లెక్కల్లో రాసుకోలేదు. మీరు ముందే రాసుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చాను, ఆర్‌సీ నా పేరు మీదికి వచ్చేదాకా 20 వేలు ఆపాను. అడగడానికి ఇబ్బందిపడ్డాను కానీ ఆయనే "అదే పద్ధతి" అన్నారు. బండి తీసుకున్న రోజున తేదీతో పాటు గంట, నిమిషం కూడా కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ గంటకు ముందు ఏదైనా జరిగి ఉంటే ఆయనది, తర్వాత నాది.

పూజకు కాణిపాకమే పోయాం, చిత్తూరుకు పక్కనే కదా. నాలుగు నిమ్మకాయలు, నాలుగు చక్రాలు, కుంకుమ బొట్టు. పెద్దాయన దంపతులు కూడా వచ్చారు. కారు అప్పగించేటప్పుడు పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

*

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. ముగ్గురం టీచర్లం, దామలచెరువు దాటుతున్నాం. మామిడికాయల సీజను, మండీల ముందు రెండువైపులా లారీలు. ఎడమవైపు వెనక టైరు పంక్చరైంది. మార్చుకోవాల్సిన ఆ పాత టైర్లలో ఒకటే. నెల జీతం వచ్చాక మారుద్దామని వాయిదా వేశాను. స్టెప్నీ ఉంది కదా అని డిక్కీ తీశాం. మామిడి లోడు లారీ డ్రైవరు ఒకాయన వచ్చి జాకీ వేసి, స్టెప్నీ బయటికి తీసి, దాని పక్క గోడ మీద బొటనవేలితో నొక్కాడు. ఎండిన తాటిమట్టలా పగుళ్ళు.

"ఏం మేడం, ఇది ఎప్పటిది?"

వంగి గుండ్రటి గడిలోని అంకెలు చదివాను. 0813. అంటే 2013లో ఎనిమిదో వారం. కారు కంటే ఆరేళ్ళు పెద్దది. ఏ కంపెనీవాడూ 2019 కారులో 2013 టైరు పెట్టి పంపడు. దాన్నే వేసుకుని 20 స్పీడులో పాకాల దాకా పోయి పంక్చరు వేయించుకున్నాం. మొదటి పీరియడ్ పోయింది. నోటుబుక్కులో టైర్ల పేజీలో నాలుగు అంకెలే రాసి ఉన్నాయి, ఐదో గీత ఖాళీ.

సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేశాను. తిట్టడానికి కాదు, తెలుసుకుందామని.

"కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు తల్లీ, నాకు తెలీదు. నేనసలు ఆ డిక్కీ మ్యాట్ ఎత్తిందే లేదు."

"పోనీ సార్, ఈ మధ్య మీ కారు వేరేవాళ్ళెవరైనా నాలుగు రోజులు తీసుకెళ్ళారా?"

కాసేపు అవతల నుంచి మాట లేదు. వెనక పెద్దావిడ ఏదో అంటున్నట్టు వినిపించింది.

"మా అల్లుడు" అన్నారు.